నలభై ఒకటో వార్డు ఖాళీగా ఉంది

ఏప్రిల్ 6, సోమవారం. గాలి: సముద్రం వైపు నుంచి.

పన్నెండు స్తంభాలూ తుడిచాను. ఏడో స్తంభం మూతిలో సాలెగూడు ఉంటే తీసేశాను. మిగతావి బాగున్నాయి.

ఈ పుస్తకం లోవరాజు మేస్త్రీ ఇచ్చాడు. ట్యాబ్‌లో రాసింది కావలి చదువుతుంది, కాగితం మీద రాసింది చదవలేదు, ఏదైనా తేడా కనిపిస్తే కాగితం మీద పెట్టు అన్నాడు. ఆయనకి స్తంభాల పనిలో ఇరవై ఏళ్లు, నాకు నాలుగు. ఏడో క్లాసుతో బడి మానేశాను. మిగతా చదువు స్తంభాల పొట్టలు విప్పి నేర్చుకున్నాను. రాతలో తప్పులుంటే మీరే దిద్దుకోండి.

పని తెలియనివాళ్ల కోసం ఒక్కసారి చెబుతాను. కొత్తరేవులో ఏ వీధి ఎంత పొగ వదులుతోందో ఈ స్తంభాలు పీల్చి చూస్తాయి. ఆ అంకెల్ని బట్టి లిఫ్టులూ బస్సులూ నీళ్ల పంపులూ కరెంటూ పంచేది కావలి. అది మనిషి కాదు. కొండమీద చల్లమిద్దెలో వేల సర్వర్ల మధ్య కూర్చున్న మిషను. నేను స్తంభం మూతి తుడిచి, ముక్కాలిపీట ఎక్కి దాని మీద ఒక్కసారి ఊదాలి. అంకె లేస్తే స్తంభం బతికున్నట్టు. నా టోపీలో నంబరు బిళ్ల ఉంటుంది. టోపీ యాభై అడుగుల లోపు ఉంటే అది పనివాళ్ల పరీక్ష అని కావలి ఆ రీడింగు కొట్టేస్తుంది. డ్యూటీలో టోపీ తీసినా ఆ గంట మొత్తం కొట్టేస్తుంది. నాలుగేళ్లుగా రోజుకి పన్నెండు సార్లు ఊదుతున్నాను. ఒక్క ఊపిరి కూడా ఎక్కడా నమోదు కాలేదు.

తేడా ఏమిటంటే, మూడో బ్లాకు లిఫ్టు పొద్దున్నుంచి రాలేదు. డ్రైవరు లేని పాలబండి మా మలుపు దగ్గర ఆగకుండా తిన్నగా పోయింది. ఎండుచేపలమ్మే దాలమ్మ పెద్దమ్మ గిన్నె పట్టుకుని దాని వెనక కొంత దూరం పరిగెత్తింది. "నీ చక్రాలు ఇరిగిపోను, ఇక్కడ ఎవులూ నేరనుకున్నావేటి?" అని తిట్టింది. అందరం నవ్వాం.

తొమ్మిది అంతస్తులు మెట్లెక్కి ఇంటికి పోయాను. అప్పకి ఊపిరందించే మిషను నడుస్తోంది. అది నడిస్తే మిగతావి ఏమైనా ఆగనీ.

ఏప్రిల్ 7, మంగళవారం. గాలి: సముద్రం.

బస్సు ఆగలేదు. చెత్తబండి రాలేదు. వీధి దీపాలు లేవు. మున్నూట పది మెట్లు నీళ్ల బిందెతో ఎక్కితే తెలుస్తుంది, లిఫ్టు అనేది ఎంత గొప్ప వస్తువో.

పదిన్నరకి ట్యాబ్‌కి పని వచ్చింది. ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను: "వార్డు 41 ఖాళీ. స్తంభాలు 1 నుంచి 12 వరకు విప్పి గోదాముకు చేర్చవలెను. గడువు: శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు. అదే సమయానికి విద్యుత్తు, నీరు నిలిపివేయబడును."

నేను ఆ వార్డులో నిలబడి చదువుతున్నాను. నా చుట్టూ బట్టలు ఆరేసి ఉన్నాయి. పిల్లలు కప్పగంతులు ఆడుతున్నారు. పదకొండు వందల నలభై మందిమి ఉంటాం ఈ నాలుగు బ్లాకుల్లో. సముద్రం మింగేసిన రేవుల నుంచి తెచ్చి పడేశారు మమ్మల్ని. తెచ్చినప్పుడు తలలు లెక్కపెట్టారు, నాకు గుర్తుంది, నా నుదుటి మీద సిరా ముద్ర కూడా వేశారు.

మేస్త్రీకి చూపించాను. ఆయన అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. రేపు వార్డుల ఆఫీసుకి పోదాం అన్నాడు.

అప్ప సంగతి ఇక్కడ రాయాలి. మా అక్క, పేరు నూకరత్నం, ముప్పై నాలుగేళ్లు. పాత తీగలు కాల్చి రాగి తీసే షెడ్డులో ఆరేళ్లు చేసింది, నన్ను పెంచడానికే. ఆ పొగకి ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఇప్పుడు గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషను పగలూ రాత్రీ నడవాలి. ఆస్పత్రివాళ్లు ఇచ్చిన ఆ మిషను మా గది చిరునామాకి కట్టేసి ఉంటుంది. ఇంకో చోట ప్లగ్గు పెడితే పనిచెయ్యదు. చేతిలో ఒక పాత సిలిండరు ఉంది. అందులో మిగిలింది ముప్పావు గంట గాలి.

అంటే శుక్రవారం పన్నెండుకి కరెంటు పోతే, పన్నెండూ ముప్పావుకి మా అప్ప పోతుంది. ఈ వాక్యం రాసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఏప్రిల్ 8, బుధవారం. గాలి: సముద్రం.

నేనూ మేస్త్రీ నడిచి వార్డుల ఆఫీసుకి పోయాం. ఏడు కిలోమీటర్లు. ఆ ఆఫీసులో ఇప్పుడు ఒక్కరే మనిషి, తనూజ గారని. నా కంటే నాలుగైదేళ్లు పెద్దది ఉంటుంది. కూర్చోమంది, మంచినీళ్లిచ్చింది. మర్యాదకి లోటు లేదు.

మేము మనుషులం, అదిగో ఆ వార్డులోనే ఉంటున్నాం అన్నాను. ఆమె తల ఊపింది. మీరు నా కళ్లముందే ఉన్నారమ్మా, కానీ నేను నింపే కాగితంలో మనుషుల గడి లేదు, ఆ గడి కావలి నింపుతుంది అంది. మా ఫోన్లు? మా టవరు పొదుపు కోసం కిందటేడే ఆపేశారు, ఫోన్లన్నీ నలభయ్యో వార్డు టవరు పట్టుకుంటున్నాయి, కాబట్టి మేమందరం అక్కడ ఉంటున్నట్టు లెక్క. మరి కరెంటు వాడుతున్నాం కదా? అందుకే తొందరగా కోసేస్తోంది అంది. ఖాళీ వార్డులో కరెంటు వాడకం కనిపిస్తే అది లీకు కింద లెక్క, లీకుని గడువుకి ముందైనా మూసెయ్యచ్చు.

ఆస్పత్రిలో మంచం అడిగాను. అప్ప కార్డు నంబరు కొట్టి చూసింది. "చిరునామా లేదు" అని వచ్చింది.

"దారే లేదా అండీ?" అన్నాడు మేస్త్రీ.

ఉంది. పన్నెండు స్తంభాల్లో కనీసం తొమ్మిది, ఆరు గంటలు ఆగకుండా అయిదు వందల పైన చూపించాలి. ఖాళీ గాలికి నాలుగు వందల ముప్పై. మధ్యలో ఒక్క నిమిషం అయిదు వందల కిందికి దిగినా ఆరు గంటలు మళ్లీ మొదట్నించి. గడువు శుక్రవారం పన్నెండే.

"మనుషులుంటే పొగ ఉంటుంది కదా అని పెట్టిన నియమం" అంది ఆమె. చెబుతున్నప్పుడు నా వైపు చూడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మేస్త్రీకి దారిలో చెప్పాను, మిగతావాళ్లకి ఇంకా చెప్పలేదు.

స్తంభాలవాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. వార్డులో పెళ్లి వంట కట్టెల మీద పెట్టినా, చావు దగ్గర చితి వెలిగించినా, ఆ పూట స్తంభం మూతికి తడిగుడ్డ చుడతాం. లేకపోతే అంకె లేస్తుంది, మర్నాడు నీళ్ల పంపు రెండు గంటలు తగ్గుతుంది. ఎవరూ నేర్పరు, ఎవరూ అడగరు, చుట్టేస్తాం అంతే. మా తాతల నాటి పని కాదు, అయినా తాతల నాటిదంత గట్టిగా పాటిస్తాం.

నాకు అది చాల్లేదు. మేము ఏమీ కాల్చని రోజుల్లో కూడా అంకెలు లేస్తున్నాయి. ఎందుకో తేల్చుకోడానికి నాకు ఏడాది పట్టింది. పడమటి గాలి వీచిన రోజే లేస్తున్నాయి. పడమర ఏముంది? చల్లమిద్దె. కరెంటు చాలనప్పుడు అక్కడ డీజిల్ జనరేటర్లు నడుస్తాయి. ఆ పొగ కొండ దిగి మా మీద పడుతుంది. మా పొగ కొలవడానికి అది కాల్చే డీజిల్ మా పద్దులోనే పడుతోంది. కొండ మీద మాత్రం ఒక్క స్తంభం లేదు. స్తంభం ఎక్కడ పాతాలో చెప్పేది కావలే కదా.

కోపం ఆగలేదు నాకు. కిళ్లీకొట్టు నుంచి తమలపాకుల సున్నం తెచ్చాను. స్తంభం కొలిచేది పొగలోనూ మన ఊపిరిలోనూ ఉండే బొగ్గుపులుసు గాలిని, దాన్ని సున్నం తాగేస్తుందని స్తంభం పెట్టెలోని కాగితాల్లో ఎప్పుడో చదివాను. పొడి సున్నం చిన్న చిన్న మూటలు కట్టి పన్నెండు మూతుల లోపలా పెట్టాను. నెలకోసారి మార్చాను. ఎనిమిది నెలలు. అంకెలు పడిపోయి నాలుగు వందల ముప్పై దగ్గర నిలబడ్డాయి. నేనెంత మురిసిపోయానో. కావలినే మోసం చేశాను అనుకున్నాను.

ఎనిమిది నెలలు ఊపిరి లేని వార్డు అంటే దాని దృష్టిలో ఏమిటి? ఖాళీ. మా అందరినీ నేనే చెరిపేశాను, తమలపాకు సున్నంతో.

మేస్త్రీ తిడతాడనుకున్నాను. ఆయన, తడిగుడ్డ నేను చుట్టినప్పుడు ఒక్క పూటకే చుట్టేవాణ్ణి అసిరీ అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

తిరిగొచ్చి మూటలన్నీ పీకేశాను. సాయంత్రం ఆరింటికి రీడింగులు: 438, 441, 436, 439. లేవలేదు. ఎలా లేస్తాయి? పొయ్యిలు కరెంటువి, బళ్లు రావడం లేదు, సముద్రపు గాలి ఉన్న కాస్తా ఊడ్చేస్తోంది. లిఫ్టుల కరెంటూ దీపాల కరెంటూ కొండకి పోవడంతో అక్కడ జనరేటర్లు కూడా ఆగాయి. ఎనిమిది నెలలు నేను దాచిన ఆ పొగ ఇవాళ వచ్చి ఉంటే మేము బతికేవాళ్లం.

ఏప్రిల్ 9, గురువారం. గాలి: సముద్రం, జోరు.

పొద్దున రెండో బ్లాకు మెట్ల మీద అందరినీ కూర్చోబెట్టి చెప్పేశాను. సున్నం సంగతితో సహా.

ఎవరూ కొట్టలేదు. దాలమ్మ పెద్దమ్మ మాత్రం, "ఓలి గుంటా, కిళ్లీ ఏసుకోడానికి సున్నం నేక నాను తిరుగుతుంటే నువ్వు స్తంభాలకి ఏసినావేటే" అంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

పొగ కావాలి అంతే కదా అన్నారు. అది మాకు తెలిసిన పనే. అరగంటలో పాత టైర్లు, విరిగిన పడవల చెక్కలు, తారు డబ్బాలు వచ్చి పడ్డాయి. జనం హుషారుగా ఉన్నారు. నేను మాత్రం తొమ్మిదో అంతస్తు వైపు చూస్తున్నాను. కిందటి మాఘంలో పడమటి గాలికి వచ్చిన కాస్త పొగకే అప్ప పెదాలు నీలంగా మారాయి. రెండు రోజులు నేను ఆమె వీపు తడుతూ కూర్చున్నాను. ఆరు గంటల టైరు పొగంటే కిటికీలు మూసినా, గుడ్డలు దోపినా ఆగదు. అది మిషను పీల్చి అదే ఆమెకి పెడుతుంది.

కాల్చకూడదు అన్నాను.

వలలు అల్లే ఎల్లాజీ లేచాడు. నలుగురు పిల్లల తండ్రి. ఆయన అరవలేదు. అరిస్తే తిరిగి అరిచేదాన్ని.

"ఒక్క మనిసి కోసం పదకొండొందల మంది నీళ్లు నేక సావాలా? తప్పు సేసింది నువ్వు. అది కూడా నువ్వే సెప్పు."

టైర్ల మీద ఎక్కి కూర్చున్నాను. నన్ను లాగితే తప్ప కదలను అని వాళ్లకి తెలియాలని. ఆ మొహాలు నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన మొహాలు. ఇవాళ వాటిని చూస్తే భయమేసింది. పన్నెండు గంటలకి వదిలేసి అన్నాలకి పోయారు. సాయంత్రానికి నిర్ణయం అన్నారు.

అప్పకి చెప్పకూడదనుకున్నాను. ఆమె కిటికీలోంచి అంతా చూసింది. కాల్చెయ్యమను, తడి చీర కప్పుకుంటాను అంది. నోరు ముయ్యమన్నాను. ఇద్దరం తిట్టుకున్నాం. ఆమెకి మూడు మాటలకి ఒకసారి ఆగాలి, ఆ ఆగినప్పుడు నేను తిట్టకూడదు, అది మా ఇంట్లో నియమం. అలా ఆగి ఉన్నప్పుడే నా టోపీ వైపు చూసింది.

"రోజూ ఊదుతావు కదే. అంకె లేస్తాది కదా."

నాది కొట్టేస్తుంది అప్పా, టోపీ ఉంటుంది అన్నాను.

"నీది కాదు. మాది."

నేను మున్నూట పది మెట్లు ఎలా దిగానో తెలియదు.

దాలమ్మ పెద్దమ్మని మూడో స్తంభం దగ్గర ముక్కాలిపీట ఎక్కించి నేను అరవై అడుగుల అవతల నిలబడ్డాను. ఊదింది. ట్యాబ్‌లో 2,100. మరుక్షణం 440. గాలి ఎత్తుకుపోయింది. ఒక్క ఊపిరి చాలదు, నిలవాలి. అప్పుడు ఎల్లాజీయే, పొద్దున ఆ మాట అన్న ఎల్లాజీయే, పడవ మీద కప్పే టార్పాలిన్ తెచ్చి స్తంభం చుట్టూ గుడారంలా కట్టాడు. అంచులు ఇసుక బస్తాలతో నొక్కాడు. లోపల ఇరవై మంది కూర్చున్నారు. ఊదక్కర్లేదు, ఊరికే కూర్చుని మాట్లాడుకోవడమే. పది నిమిషాలకి 900. పావుగంటకి 1,600.

తొమ్మిది టార్పాలిన్లు దొరికాయి. సరిగ్గా తొమ్మిది.

ఏప్రిల్ 10, శుక్రవారం. గాలి: సముద్రం, చాలా జోరు.

పొద్దున్న రాయలేకపోయాను. ఇది సాయంత్రం రాస్తున్నాను.

టార్పాలిన్లన్నీ కట్టేసరికి తెల్లవారింది, అయిదున్నరకి జనం గుడారాల్లోకి చేరారు. నాకు లోపలికి వెళ్లే దారి లేదు. డ్యూటీ వేళ టోపీ తియ్యకూడదు, టోపీతో దగ్గరికి పోకూడదు. వార్డు మొత్తం మీద నేనొక్కదాన్నే పనికిరానిదాన్ని. ట్యాబ్ పట్టుకుని తొమ్మిదో అంతస్తులో అప్ప పక్కన కూర్చున్నాను. కిటికీలోంచి నీలం టార్పాలిన్లు కనిపిస్తున్నాయి. ఏ స్తంభం అంకె తగ్గినా కిటికీలోంచి మేస్త్రీకి అరిచి చెప్పడం నా పని.

ఆరు నుంచి తొమ్మిది దాకా బాగానే నడిచింది. తర్వాత ఎండ ఎక్కింది. టార్పాలిన్ కింద కొలిమి. అరగంటకొకసారి మనుషుల్ని మార్చినా తలనొప్పి అంటున్నారు, ఇద్దరు బయటికొచ్చి వాంతి చేసుకున్నారు. తెరుచుకున్న ప్రతిసారీ అంకె సగానికి పడుతోంది. ఆరో స్తంభం గుడారంలో దాలమ్మ పెద్దమ్మ పొద్దున్నుంచి కదల్లేదట. కదిలితే మళ్లీ చోటు దొరకదని ఆమె భయం.

పదకొండుకి గాలి పెరిగింది. మా బ్లాకు కిందే ఉన్న మూడో స్తంభం గుడారం ఒక మూల లేచిపోయింది. ఎల్లాజీ దాని మీద పడుకుని నొక్కి పట్టుకున్నాడు. ఎండకి చాలామంది పడిపోయారు, అక్కడ మిగిలింది తొమ్మిది మందే. 640. 590. 560.

పదకొండుంబావుకి మిషను కుయ్యిమని ఆగిపోయింది. ఫ్యానూ ఆగింది. లీకు ముందుగానే మూసేసినట్టున్నాడు ఎవడో అనబోయాను. ఎవడూ లేడు అక్కడ.

సిలిండరు తిప్పాను. ముప్పావు గంట. గొట్టం ఆమే పెట్టుకుంది.

ట్యాబ్ చూస్తున్నాను. మూడో స్తంభం 530.

"నన్ను దించు" అంది అప్ప.

పిచ్చా అన్నాను. ఆ గుడారంలో బాగున్నవాళ్లే పడిపోతున్నారు.

"ఇక్కడుంటే పన్నెండుకి సస్తాను. కింద మనుసులు తక్కువున్నారు." ఆగింది. నేను ఆగాను. "నా ఊపిరి తక్కువే గాని, ఉన్నాది కదే."

వీపున వేసుకున్నాను. ఆమె బరువు నీళ్ల బిందెకి ఎక్కువ, బియ్యం బస్తాకి తక్కువ. సిలిండరు మెడకి తాడుతో కట్టుకున్నాను, ప్రతి మెట్టుకీ రొమ్ము మీద కొడుతోంది. అయిదో అంతస్తులో ఆమె గోళ్లు నా భుజంలో దిగాయి. ఆగాలా అంటే వద్దని తల అడ్డంగా ఊపడం నా మెడకి తెలిసింది.

కిందికి వచ్చి మెట్ల మొదట్లో ఆగిపోయాను. స్తంభానికి అరవై అడుగులు. ఇంకో పది అడుగులు వేస్తే నా టోపీ మొత్తం ఆరు గంటల్నీ తినేస్తుంది. ట్యాబ్‌లో 511.

ఎల్లాజీ తల తిప్పి చూశాడు. గుడారం మూల ఇంకొకడికి అప్పజెప్పి వచ్చాడు. నేను మెట్టు మీద దించిన అప్ప ముందు వెనక్కి తిరిగి కూర్చున్నాడు.

"దా నూకాలూ. నా వీపు ఖాళీయే."

504. 502. అప్పా ఎల్లాజీ లోపలికి పోయారు. లోపల ఆమె మాట్లాడిందో, ఊరికే కూర్చుందో నాకు కనపడదు. 502. 503. 509. 517. మెట్ల మీద కూర్చుని ఆ అంకెలు పైకి చదువుతున్నాను, ఎవరూ వినకపోయినా.

పన్నెండు. "వార్డు 41: నివాసం ధ్రువీకరించబడింది."

వెనకాల లిఫ్టు గణగణమంది. పైన ఎక్కడో టీవీ దానంతటదే మొదలైంది. ఎల్లాజీ అప్పని లిఫ్టులో పైకి తీసుకెళ్లాడు. సిలిండరు ముల్లు సున్నా మీద ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి, కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. మిషను నడుస్తోంది.

ఏప్రిల్ 11, శనివారం. గాలి: మారుతోంది.

పాలబండి వచ్చింది. దాలమ్మ పెద్దమ్మ దానికి దండం పెట్టి, ఆ వెంటనే ఒక తన్ను తన్నింది.

కొండ మీద మళ్లీ జనరేటర్ల మోత. మా కరెంటు మాకొచ్చింది కదా, దానికి తగ్గిన కరెంటుకి డీజిలు.

నాలుగింటికి ట్యాబ్‌కి పని వచ్చింది. దించుతున్నాను: "వార్డు 41 ఉద్గారం పరిమితి మించినది. తగ్గించవలెను. వారానికి ఒక వనరు మూసివేయబడును. వనరుల జాబితా, వాడకం క్రమంలో, జతచేయబడినది. ఆదివారం సాయంత్రం అయిదు లోపు కార్మికుడు వేరే వనరులను ఎంచుకోవచ్చును. ఎంచుకోనిచో మొదటి వనరు దానంతటదే మూతపడును."

గుడారాల్లో మేము పోగేసిన ఊపిరే మా రోజువారీ పొగ అని అది అనుకుంది. మేము ఉన్నామని నమ్మించాం. ఎక్కువ ఉన్నామని నమ్మింది.

వనరు అంటే దాని భాషలో కరెంటు వాడి పొగ పెంచే చోటు. జాబితాలో గదుల నంబర్లున్నాయి, పక్కన ఒక్కో గడి, నేను నొక్కడానికి. మొదటి వరస: బ్లాకు 3, అంతస్తు 9, గది 4. ఆగకుండా నడిచే పరికరం ఒకటి.

మా గది.

దాలమ్మ పెద్దమ్మ నా చేతిలోంచి ట్యాబ్ లాక్కుని తన గది చూపించమంది. నాకు ఫ్యానెందుకు, గుడ్డి దీపం చాలు, నొక్కీ అంది. నొక్కాను. సరిపోదు, ఇలాంటివి మరో ఆరు ఎంచుకోండి అని వచ్చింది. ఈ వారానికి ఆరుగురు దొరుకుతారు. వచ్చే వారం? ఆ పై వారం? ఏ గుమ్మం ముందు నిలబడి, మీ దీపం ఇవ్వండి మా అప్ప ఊపిరికి అని అడగను? అడిగితే మొదట ఇస్తారు. తర్వాత మొహం తిప్పుకుంటారు. ఆ తర్వాత టైర్ల దగ్గర చూసిన ఆ మొహాలు మళ్లీ వస్తాయి. అది కరెంటు కోసెయ్యడం కంటే ఘోరం. మమ్మల్ని మా చేతే ఏరించడం.

గడి వెనక్కి తీసేశాను.

ఏప్రిల్ 12, ఆదివారం. సెలవు. గాలి: పడమర.

ఉదయం ఏడింటికి పన్నెండో స్తంభం తల విప్పాను. స్తంభాలు విప్పమన్న మంగళవారం నాటి ఆదేశం ట్యాబ్‌లో ఇంకా అలాగే ఉంది, ఎవరూ రద్దు చెయ్యలేదు. కాబట్టి నేను చేసింది పనే. టోపీ ఇంట్లో మేకుకి తగిలించాను. సెలవు రోజున టోపీ అడగదు.

కావలి ఆగితే అప్ప మిషను నడుస్తుందో లేదో నాకు తెలియదు. చిరునామా తాళం తీసేది కూడా అదే. మేస్త్రీకి కూడా తెలియదు. ఆయన, దాలమ్మ పెద్దమ్మా పోయి పడవలు కోసే షెడ్డు నుంచి గ్యాస్ కటింగుకి వాడే ఆక్సిజన్ సిలిండరు తెచ్చారు. మేస్త్రీ దానికి మా పాత గొట్టం బిగించాడు. అది మనిషికి పెట్టేది కాదు అని ఆయనే నాలుగుసార్లు అన్నాడు. అని బిగించాడు.

స్తంభం తలతో కొండకి వెళ్లే ముందు అప్పకి చెప్పాను. కిటికీకి తన ఎర్ర తువ్వాలు కట్టింది. బాగున్నంతసేపు ఉంటుంది, ఏమైనా అయితే పెద్దమ్మ తీసేస్తుంది. కొండ మీంచి ఎరుపు కనిపిస్తుంది కదా అని అడిగింది. కనిపిస్తుంది అన్నాను.

చల్లమిద్దె చుట్టూ కంచె ఉంది, మనిషి లేడు. కెమెరాలన్నీ బళ్లొచ్చే రోడ్డు వైపే చూస్తున్నాయి. వాననీళ్ల కాలవలోంచి పాకి లోపలికి పోయాను. జనరేటర్లు ఇరవై రెండు, వరసగా, నల్లగా. నేల అదురుతోంది. పొగ గొట్టాల ఎదురుగా గోడకి స్తంభం తలని తీగతో బిగించాను. తను ఎక్కడుందో అది ఉపగ్రహాన్ని అడిగి తెలుసుకుంటుంది. దాని పొట్టలో వార్డు నంబరు మాత్రం 41 అని ముద్ర వేసి ఉంది. అంటే ఈ చోట లేచే పొగ మా వార్డు వనరుగా జాబితాలోకి ఎక్కాలి. మూతి తుడిచాను. ఊదలేదు. ఊదాల్సిన పని లేదు.

430 నుంచి 2,900. 3,400. 4,000 దాటాక చూడ్డం మానేశాను.

రెండూ నలభైకి జాబితా మారింది. రెండో వరస: బ్లాకు 3, అంతస్తు 9, గది 4. మొదటి వరస: ఉద్గార నియంత్రణ కేంద్రం, సర్వర్లు, డీజిల్ జనరేటర్లు ఇరవై రెండు.

పక్కన గడి ఉంది. నేను నొక్కను. ఎంచుకోనిచో మొదటి వనరు దానంతటదే మూతపడును. అది రాసిన మాటే.

3:30. మూతి మీద మసి పేరుకుంటోంది. పది నిమిషాలకోసారి చొక్కా కొసతో తుడుస్తున్నాను. దగ్గు వస్తోంది. అప్ప ఆరేళ్లు ఇదే పీల్చింది.

4:10. రోడ్డు మీద బండి చప్పుడు. గోడ వెనక నక్కాను. దానంతటదే వచ్చిన డీజిల్ ట్యాంకరు. గొట్టం పెట్టి, నింపి, పోయింది.

4:45. అది కనిపెట్టేసిందా అని ప్రతి నిమిషం ట్యాబ్ చూస్తున్నాను. తనని తాను మూసుకోవడానికి అది ఒప్పుకుంటుందా? ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మనిషికి. ఇది నియమం మాత్రమే పాటిస్తుంది. మా విషయంలో పాటించినట్టే పాటించాలి. పాటించకపోతే ఇక దాని దగ్గర ఏ నియమమూ లేదని తెలుస్తుంది, అది ఇంకా భయం.

5:00.

5:01. వరస చివరనున్న జనరేటరు ఆగింది. దాని పక్కది. ఆ పక్కది. ఆగిన చోట నిశ్శబ్దం నా వైపు నడిచి వస్తున్నట్టుంది. తర్వాత మిద్దె లోపలి ఫ్యాన్లు ఒక్కొక్కటే.

ట్యాబ్ నల్లబడింది. కింద నగరమంతా రోడ్ల మీద బళ్లు ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. కొత్తరేవు ఇంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ వినలేదు. సముద్రం చప్పుడు ఇక్కడిదాకా వస్తోంది.

మూడో బ్లాకు. కింది నుంచి లెక్కపెట్టుకుంటూ పోయాను, తొమ్మిదో అంతస్తు, నాలుగో కిటికీ.

తువ్వాలు ఉంది.

5:10. ఉంది.

5:20. పెద్దమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. చెయ్యి చాపింది. గాలికి ఎగిరిపోకుండా ముడి బిగించి వెళ్లింది. ఉంది.

పన్నెండో స్తంభం మూతి శుభ్రం. నేను ఇంకా ఇక్కడే ఉన్నాను, కిటికీ మీంచి కళ్లు తియ్యలేదు, ఈ అక్షరాలు చూడకుండా రాస్తున్నాను.